ఆపుకోలేకపోవడం అపరాధం కాదు: వార్ధక్యంలో మూత్రాశయ కండరం
(దేవాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య విషయమై మాట్లాడమని కార్యదర్శి గారు కోరినప్పుడు, గుండెజబ్బు గురించో మధుమేహం గురించో చెబుతానని వారు భావించి ఉంటారు. వాటిని గురించి ఈ వేదికపై ఇదివరకే పలువురు వైద్యులు చక్కగా చెప్పారు. నేను ఎంచుకున్న విషయం వేరు. అది మన ఇళ్ళలో చాలా పెద్దవారిని పీడిస్తున్నది, కాని ఎవరి నోటా వినబడదు. వార్ధక్యంలో మూత్రాన్ని ఆపుకోలేకపోవడం, లేదా పూర్తిగా విసర్జించలేకపోవడం నేటి నా ప్రసంగ విషయం. దేవుని సన్నిధిలో ఈ మాటలేమిటని ఎవరైనా నొచ్చుకుంటే మన్నించండి. ఈ మాటలు ఇక్కడే ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందుగా మనవి చేస్తాను.

మన మందిరం తొలి సంవత్సరాలలో ప్రతి శనివారం సుప్రభాత వేళకే వచ్చి స్వామికి మాలలు కట్టే ఒక పెద్దావిడ ఉండేవారు. ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునేవారు. కొంతకాలానికి ఆవిడ గోడవారకు, ఆ తరువాత తలుపు దగ్గరకు జరిగారు. హారతికి ముందే లేచి వెళ్ళడం మొదలైంది. చివరకు రావడమే మానేశారు. మోకాళ్ళ నొప్పులని మేమందరం అనుకున్నాం. కుమార్తెను అడిగితే, “అమ్మకు ఓపిక తగ్గిందండీ” అన్నది. నాలుగేళ్ళ తరువాత మరేదో పరీక్షకు నా వద్దకు వచ్చినప్పుడు, కుమార్తె బయటికి వెళ్ళేదాకా ఆగి, ఆవిడ మెల్లగా ఇలా చెప్పారు. “బాబూ, ఒంటికి ఆగడం లేదు. తడిసిన చీరతో గుళ్ళోకి ఎలా రాను?” గుడికి రావాలనుకున్న రోజున తెల్లవారి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగేవారు కాదట. అయినా నమ్మకం చాలక చివరకు రావడమే విరమించుకున్నారు.

పేరు చెప్పకూడదన్న నియమంతో ఈ మాటలు మీకు చెప్పడానికి ఆవిడే అనుమతించారు. నాలుగేళ్ళపాటు ఒక భక్తురాలిని స్వామికి దూరం చేసింది జబ్బు మాత్రమే కాదు. అది జబ్బేనని, దానికి చికిత్స ఉన్నదని తెలియకపోవడం, తెలియజెప్పేవారు లేకపోవడం. అందుకే ఈ ప్రసంగం.

ముందుగా ఆ అవయవం ఎటువంటిదో చూద్దాం. మూత్రపిండాలు రోజుకు సుమారు ఒకటిన్నర లీటరు మూత్రాన్ని తయారుచేస్తాయి. అది రెండు సన్నని నాళాల ద్వారా చుక్కచుక్కగా పొత్తికడుపులోని మూత్రాశయానికి చేరుతుంది. మూత్రాశయం కేవలం తోలుతిత్తి వంటిదని చాలామంది ఊహ. నిజానికి అది గుండెలాగే కండరంతో నిర్మితమైన అవయవం. లోపలివైపు నీరు చొరని సున్నితమైన పొర ఉంటుంది. దాని వెనుక రక్తనాళాలు, నాడీ తంతువులు, కొలాజెన్ అనే పీచుపదార్థం ఉన్న మరొక పొర ఉంటుంది. దానిపైన ఉన్నదే ప్రధానమైన కండరం. దీనిని డెట్రూసర్ అంటారు. ‘బయటికి నెట్టేది’ అని ఆ లాటిన్ మాటకు అర్థం.

ఈ కండరపు అమరిక విశేషమైనది. మూత్రాశయపు మెడ దగ్గర దీని పోగులు కొంతవరకు పొరలుపొరలుగా కనిపిస్తాయి. తక్కిన భాగమంతటా మాత్రం ఆ పోగులు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా ఒకదానిలోంచి మరొకటి దూరుతూ నులకమంచం అల్లికలా పెనవేసుకొని ఉంటాయి. అందువల్ల ఈ సంచి నిండేకొద్దీ అన్ని వైపులా సమంగా సాగుతుంది, ఖాళీ అయ్యేటప్పుడు అన్ని వైపులనుంచీ సమంగా ముడుచుకుంటుంది. చాలామంది పెద్దలలో ఇది 400 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పట్టగలదు. అంత నిండినా లోపలి ఒత్తిడి పెద్దగా పెరగదు. సుమారు 150 నుంచి 200 మిల్లీలీటర్లు చేరినప్పుడు తొలి సూచన అందుతుంది. అది ‘వెళ్ళవచ్చు’ అనే సూచనే గాని, ‘వెళ్ళి తీరాలి’ అనే ఆజ్ఞ కాదు. ఈ భేదాన్ని గుర్తుంచుకోండి. చికిత్స దగ్గర మళ్ళీ దీని ప్రస్తావన వస్తుంది.

ఈ సంచికి దిగువన ద్వారపాలకులు ఉన్నారు. మూత్రం వెలుపలికి పోయే నాళాన్ని చుట్టుకొని ఉన్న వలయ కండరం ఒకటి. పొత్తికడుపు అడుగున ఊయలలా పరచుకొని ఆ భాగాన్నంతటినీ మోస్తున్న కండరాలు మరొకటి. వీటిని మన ఇచ్ఛతో బిగించగలం, వదలగలం. డెట్రూసర్ కండరం మాత్రం మన ఇచ్ఛకు నేరుగా లోబడదు. దానిని నాడులు నడిపిస్తాయి. నిండే సమయంలో ఒక నాడీ సమూహం కండరాన్ని సడలించి ఉంచుతుంది. విసర్జించే సమయంలో వెన్నుపాము దిగువ భాగం నుంచి వచ్చే మరొక సమూహం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి కండరాన్ని ముడుచుకొమ్మంటుంది. ఈ రెండింటినీ సమన్వయపరచే కేంద్రం మెదడు కాండంలో ఉన్నది. 1925లో బారింగ్టన్ అనే ఆంగ్ల వైద్యుడు పిల్లులపై చేసిన పరిశోధనలో దీనిని గుర్తించాడు. దీనిపైన అధికారి మెదడు ముందుభాగం. ‘ఇప్పుడు కాదు, ఇక్కడ కాదు’ అని కేంద్రాన్ని అదుపులో పెట్టేది అదే. పసిపిల్లలకు ఈ అదుపు ఇంకా ఏర్పడదు. రెండు మూడేళ్ళ వయస్సులో తల్లి ఎంతో ఓర్పుతో నేర్పేది ఈ విద్యనే. వార్ధక్యంలోనో, పక్షవాతం, పార్కిన్సన్ వంటి వ్యాధులలోనో ఆ అదుపు సడలితే, అది తల్లి నేర్పిన విద్యను మరచిన నేరం కాదు. నాడులలో వచ్చిన మార్పు.

ఇక వయస్సుతో కండరంలో ఏమి జరుగుతుంది? దీనిని గురించి గత శతాబ్దం చివరి భాగంలో బోస్టన్, సిరక్యూస్ నగరాల పరిశోధకులు చేసిన కృషి చెప్పుకోదగినది. నీల్ రెజ్నిక్, సుబ్బారావు యల్లా 1987లో ఒక విచిత్రమైన స్థితిని వర్ణించారు. ఆ రెండవ పేరు మన చెవులకు కొత్తది కాదు. వారు పరీక్షించిన వృద్ధులలో కొందరికి మూత్రాశయ కండరం పిలవకుండానే ముడుచుకుంటున్నది, అందువల్ల మూత్రం ఆగడం లేదు. అదే కండరం ఆ ముడుచుకోవడాన్ని చివరిదాకా నిలుపుకోలేకపోతున్నది, అందువల్ల సంచి పూర్తిగా ఖాళీ కావడం లేదు. తొందరపాటు, నిస్సత్తువ ఒకే కండరంలో కలిసి ఉన్నాయన్నమాట. పైకి చూసేవారికి ఇది కేవలం ఆపుకోలేకపోవడంగానే కనిపిస్తుంది. లోపల మూత్రం నిలిచిపోతున్న సంగతి పరీక్షిస్తే తప్ప తెలియదు.

ఆ ఇద్దరూ అహ్మద్ ఎల్బదావీ అనే శాస్త్రజ్ఞునితో కలిసి వృద్ధుల మూత్రాశయ కండరపు చిన్న ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, 1993లో జర్నల్ ఆఫ్ యూరాలజీలో వరుస వ్యాసాలు ప్రకటించారు. వారు చూసినది ఇది. కండరపు పనితీరు చెడని వృద్ధులలో కణాల పైపొరలో కొన్ని మార్పులు ఉన్నా, కణానికీ కణానికీ మధ్య సహజమైన బంధాలు నిలిచే ఉన్నాయి. పిలవకుండా ముడుచుకునే కండరంలో ఆ సహజ బంధాలు తగ్గి, కణాల మధ్య ఖాళీలు పెరిగి, వాటికి బదులు కణాలు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఆనుకొనే వేరే రకం కలయికలు గొలుసులా ఏర్పడ్డాయి. ఒకచోట పుట్టిన చిన్న కదలిక ఆ గొలుసు వెంట పాకి కండరమంతటినీ ముడుచుకొనేలా చేస్తుందని వారి వివరణ. శక్తి తగ్గిన కండరంలో కణాలూ నాడీ తంతువులూ కూడా శిథిలమై కనిపించాయి. దారిలో అడ్డు ఉన్నవారి కండరంలో కణాలు ఉబ్బి, వాటి మధ్య కొలాజెన్ పేరుకొని ఉన్నది. రెండు లోపాలు కలిసి ఉన్నవారిలో రెండు రకాల చిహ్నాలూ కలిసి కనిపించాయి.

ఈ సూక్ష్మవిషయాలు మనకెందుకంటారేమో. వీటిలో ఆచరణకు పనికివచ్చే సత్యం ఒకటి ఉన్నది. ‘వయస్సు మీదపడింది, అంతే’ అని మనం ఒకే మాటతో కొట్టిపారేసేది నిజానికి ఒకే స్థితి కాదు. పైకి ఒకే బాధగా కనిపించినా లోపల కారణాలు వేరు. కారణం వేరైనప్పుడు చికిత్సా వేరే. ఒకరికి మేలు చేసిన మాత్ర మరొకరికి మూత్రం పూర్తిగా బంధించవచ్చు. మన ప్రసాదశాలలో పెద్దవారు మాత్రల పేర్లు చెప్పుకోవడం, పంచుకోవడం నేను చూశాను. పులిహోరను పంచుకోండి. మాత్రలను పంచుకోవద్దు.

కండరంతో పాటు ఇతర కారణాలనూ గుర్తించాలి. పురుషులలో వయస్సుతో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారిని ఇరుకు చేస్తుంది. ధార సన్నబడడం, ముక్కవలసి రావడం, అయిపోయిందనుకున్న తరువాత చుక్కలు పడడం దాని లక్షణాలు. స్త్రీలలో కాన్పుల వల్ల అడుగు కండరాలు బలహీనపడతాయి, బహిష్టు ఆగిన తరువాత ఆ ప్రాంతపు కణజాలం పలచబడుతుంది. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా చుక్క జారడం దానివల్లనే. మన సమాజంలో ఎక్కువగా ఉన్న మధుమేహం రెండు విధాల కీడు చేస్తుంది. చక్కెర అదుపు తప్పినప్పుడు మూత్రం ఎక్కువగా తయారవుతుంది. ఏళ్ళ తరబడి అదుపు తప్పితే మూత్రాశయపు నాడులు మొద్దుబారి, నిండిన సంగతే తెలియకుండా పోతుంది.

కొన్ని కారణాలు తాత్కాలికమైనవి, తొలగించదగినవి. మూత్రంలో సూక్ష్మజీవుల దాడి, తీవ్రమైన మలబద్ధకం, కాళ్ళవాపుకు వాడే నీటిమాత్రలు అటువంటివి. జలుబుకూ నిద్రకూ మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే కొన్ని పాతరకం మాత్రలు కూడా అటువంటివే. అవి ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకొని, ప్రోస్టేట్ పెరిగిన వృద్ధునికి ఒక్క రాత్రిలో మూత్రం బంధించగలవు. మోకాళ్ళ నొప్పి కూడా ఒక కారణమే. మూత్రాశయం ఇచ్చిన వ్యవధిలో మనిషి స్నానాలగదికి చేరలేకపోతే లోపం మూత్రాశయానిది కాదు, దూరానిది.

రాత్రి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్ద వయస్సులో రాత్రి ఒకసారి లేవడం సాధారణమే. మూడు నాలుగుసార్లు లేవవలసి వస్తే కారణం వెతకాలి. పగలంతా పాదాలలో దిగిన నీరు పడుకోగానే రక్తంలోకి తిరిగి వచ్చి మూత్రంగా మారుతుంది. అటువంటివారు మధ్యాహ్నం కొంతసేపు కాళ్ళు ఎత్తుగా పెట్టుకొని పడుకుంటే రాత్రి బాధ తగ్గవచ్చు. నీటిమాత్ర వేసుకొనే వేళను మార్చవచ్చునేమో వైద్యుని అడగాలి. నిద్రలో గురకతో పాటు ఊపిరి ఆగిఆగి రావడం కూడా రాత్రి మూత్రాన్ని పెంచుతుంది. అన్నిటికన్న ముఖ్యం, చీకటిలో తొందరగా లేచి తూలిపడి తుంటి ఎముక విరగడం. మంచం నుంచి స్నానాలగది వరకు చిన్న దీపం, తొక్కుడు గుడ్డలు లేని నేల, పట్టుకొనేందుకు గోడకు ఒక కమ్మీ ఉంటే చాలు. మీ తల్లిదండ్రుల ఇంట్లో ఇవి ఉన్నాయో లేదో ఈ రాత్రికే చూడండి.

చికిత్స ఇంటి నుంచే మొదలుకావచ్చు. మొదటి పని మూడు రోజుల లెక్క రాయడం. ఏ వేళ ఎంత తాగారు, ఏ వేళ ఎంత విసర్జించారు, ఎప్పుడు ఆగలేదు, ఆ సమయంలో ఏమి చేస్తున్నారు అని ఒక కాగితం మీద రాసి వైద్యునికి చూపితే సగం నిర్ధారణ అయినట్లే. ఆ తరువాత మూత్ర పరీక్ష, చక్కెర పరీక్ష ఉంటాయి. విసర్జించిన వెంటనే లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండుతో కొలవడం కూడా అవసరం. ఈ చివరి పరీక్షకు నొప్పి లేదు, కొద్ది నిమిషాలే పడుతుంది. రెజ్నిక్, యల్లా వర్ణించిన ఆ ద్వంద్వ స్థితిని అనుమానించడానికి తొలి ఆధారం ఇదే. కండరాన్ని సడలించే మాత్ర మొదలుపెట్టే ముందు ఈ కొలత చేశారా అని వినయంగా అడగడం మీ హక్కు.

రెండవది నీరు. నీళ్ళు మానేస్తే బాధ తగ్గుతుందనుకోవడం పెద్ద పొరపాటు. తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మూత్రాశయపు లోపొరను మరింత రేపుతుంది. మలబద్ధకం పెరుగుతుంది, కళ్ళు తిరుగుతాయి, సూక్ష్మజీవులకు అవకాశం కలుగుతుంది. నీటిని పగటిపూట తగినంత తాగి, పడుకొనే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. గుండె, మూత్రపిండాల వ్యాధులకు నీటి పరిమితి చెప్పబడినవారు మాత్రం తమ వైద్యుని మాటనే పాటించాలి. సాయంత్రపు కాఫీ, టీ మానితే కొందరికి ఆశ్చర్యకరమైన మేలు కనిపిస్తుంది. ఇది మన ఇళ్ళలో ఎంత కఠినమైన నియమమో నాకు తెలుసు.

మూడవది వ్యాయామం. పొత్తికడుపు అడుగు కండరాలకు వ్యాయామాన్ని 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చాడు. అపానవాయువును ఆపుకొన్నట్లుగా ఆ కండరాలను లోపలికి, పైకి బిగించాలి. కడుపు, తొడలు, పిరుదులు బిగియకూడదు, ఊపిరి బిగపట్టకూడదు. కొద్ది క్షణాలు నిలిపి, అంతసేపు సడలించాలి. ఇలా ఎనిమిదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. ఫలితం కనబడడానికి మూడు నెలలైనా పడుతుంది. ఈ వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టులు ఈ దేశంలో ఉన్నారు. మాట సరిగా అర్థమైందో లేదో వారు పరీక్షించి చెబుతారు. దగ్గు రాబోతున్నదని తెలియగానే ముందుగా బిగించే అలవాటు చేసుకుంటే చుక్క జారడం తగ్గుతుంది.

నాల్గవది మూత్రాశయానికి క్రమశిక్షణ. తొలి సూచన ఆజ్ఞ కాదని ఇందాక మనవి చేశాను. సూచన రాగానే పరుగెత్తడం వల్ల అది మరింత బలపడుతుంది. నిలబడినచోటే ఆగి, లేదా కూర్చొని, అడుగు కండరాలను నాలుగైదుసార్లు చకచక బిగించి వదలండి. మనస్సును మరోవైపు మరల్చండి. స్తోత్రం వచ్చినవారికి ఒక స్తోత్రం చాలు. తొందర అలలా లేచి అలలాగే దిగిపోతుంది. అది దిగిన తరువాత నెమ్మదిగా నడిచి వెళ్ళండి. ఇలా వ్యవధిని వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోవాలి.

ఇక్కడ ఒక పెద్దాయన నన్ను ప్రశ్నించవచ్చు. చరకసంహిత సూత్రస్థానంలో ‘నవేగాన్ధారణీయం’ అనే అధ్యాయమే ఉన్నది కదా, మూత్రం వంటి సహజ వేగాలను ఆపరాదని అందులో చెప్పారు కదా, అని. ఆ హితవు నేటికీ విలువైనదే. బడిలోనో, కార్యాలయంలోనో, సుదీర్ఘ ప్రయాణంలోనో మూత్రాశయం నిండిపోయినా గంటల తరబడి బిగబట్టే అలవాటు మంచిది కాదు. నేను చెప్పినది అది కాదు. నిండకముందే అబద్ధపు పిలుపు ఇస్తున్న కండరానికి మళ్ళీ సత్యం నేర్పడం ఇది. మూత్రం లోపల మిగిలిపోతున్నవారు ఈ అభ్యాసాన్ని వైద్యుని అడగకుండా చేయకూడదు.

వీటితో చాలనప్పుడు మందులున్నాయి. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకొని కండరాన్ని సడలించే మాత్రలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటివల్ల నోరు ఎండిపోవచ్చు, మలబద్ధకం రావచ్చు, వృద్ధులలో కొందరికి మతిమరుపు, తికమక కలగవచ్చు. వేరొక మార్గంలో కండరాన్ని సడలించే మిరాబెగ్రాన్‌కు ఈ దేశంలో 2012లో అనుమతి లభించింది. దానిని వాడేవారు రక్తపోటును గమనించుకోవాలి. మూత్రాశయ కండరంలోకి బొటులినమ్ సూదిమందు ఇవ్వడం, ప్రోస్టేట్‌కు మందులు, శస్త్రచికిత్సలు కూడా ఉన్నాయి. వీటిలో ఎవరికి ఏది తగినదో చెప్పేది పరీక్షలే. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా బంధించినా, చలిజ్వరంతో నడుమునొప్పి వచ్చినా, కాళ్ళలో బలహీనతతో పాటు హఠాత్తుగా అదుపు తప్పినా ఆలస్యం చేయక ఆ రోజే వైద్యుని చేరాలి.

ఇప్పుడు ఇక్కడే పుట్టి పెరిగిన మీకు ప్రత్యేకంగా రెండు మాటలు.

మొదటిది భాష గురించి. మీ అమ్మమ్మ గాని, నాయనమ్మ గాని ఈ బాధను పుస్తకాల భాషలో చెప్పరు. “ఒంటికి ఆగడం లేదు” అంటారు. “బాత్‌రూముకు ఎక్కువసార్లు వెళ్ళాల్సి వస్తోంది” అంటారు. మరీ ముఖ్యంగా “వేడి చేసింది” అంటారు. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉన్నదని చెప్పడానికి మన పెద్దలు తరచుగా వాడే మాట అది. దానికి బార్లీ నీళ్ళు, మజ్జిగ తాగి ఊరుకుంటారు. ఆ మాటను మీరు ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్లు మారిస్తే వైద్యుడు జ్వరమని అనుకుంటాడు. అసలు బాధ మీ ఇద్దరి మధ్యే జారిపోతుంది. ‘వేడి’ అంటే ఎక్కడ, ఎప్పుడు, మంట ఉన్నదా అని ఒక్క ప్రశ్న అడిగి, ఆ తరువాతే అనువదించండి.

రెండవది మర్యాద గురించి. కొడుకు ఎదుట, మనవడి ఎదుట ఈ మాట చెప్పడం మన పెద్దవారికి ప్రాణాంతకంగా ఉంటుంది. నా వద్దకు వచ్చిన ఆ పెద్దావిడ కుమార్తె ఎదుట కూడా చెప్పలేకపోయారు. అందుచేత వైద్యుని గదిలో కొంతసేపు మీరు బయటికి రండి. ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు ఇంగ్లీషు రానివారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగు దుబాసీ కావాలని ముందుగానే అడగండి, ఫోనులోనైనా దొరుకుతారు. ఇంట్లో మీరు అడిగేటప్పుడు, “మీకు ఆగడం లేదా?” అని సూటిగా అడగకండి. “అమ్మమ్మా, చాలామందికి ఈ వయస్సులో ఒంటికి ఇబ్బందిగా ఉంటుందట, మందులున్నాయట. నీకేమైనా అలా ఉందా?” అని అడగండి. మొదటిసారి లేదంటారు. నెల తరువాత మళ్ళీ అడగండి.

చివరగా మన సమాజానికి ఒక విన్నపం. మన మందిరంలో మండపం పై అంతస్తులో ఉన్నది, మరుగుదొడ్లు కింది అంతస్తులో ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి ఉన్న వృద్ధునికి ఆ మెట్లు ఎంత దూరమో లెక్క వేసుకోండి. రాబోయే విస్తరణలో మండపం ఉన్న అంతస్తులోనే ఒక గది కట్టించాలని కోరుతున్నాను. అంతదాకా కొన్ని పనులు ఖర్చు లేకుండానే చేయవచ్చు. తలుపు దగ్గర వరుసలో కుర్చీలను పెద్దవారికి కేటాయించండి. రెండు గంటలకు మించిన హోమాలలో, కల్యాణాలలో ఒక చిన్న విరామాన్ని ముందే ప్రకటించండి. మధ్యలో లేచి వెళ్ళినవారిని చూసి తల తిప్పకండి. శౌచ నియమాల విషయంలో తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. సందేహం ఉన్న పెద్దలు ఇంట్లోనే ఉండిపోకుండా అర్చకస్వాములనే అడగాలని మాత్రం వేడుకుంటున్నాను.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. పరీక్షలలో తేలింది ఇది. ఆవిడ కండరం తొందరపాటుది. లోపల మూత్రం మిగలడం లేదు. అది ఆవిడ అదృష్టం. నిద్ర కోసం రోజూ వేసుకొనే దుకాణపు మాత్రను ఆపించాం. సాయంత్రపు కాఫీ మానిపించాం. మలబద్ధకానికి మందు ఇచ్చాం. వ్యాయామం నేర్పించాం. నాలుగు నెలలు పట్టింది. బాధ పూర్తిగా పోలేదు, అలా పోతుందని నేను ఆవిడకు మాట ఇవ్వలేదు. కాని ఇప్పుడు ఎప్పుడు వెళ్ళాలో ఆవిడ నిర్ణయిస్తున్నారు, ఆవిడ కండరం నిర్ణయించడం లేదు. జాగ్రత్తకోసం లోపల ఒక ప్యాడ్ పెట్టుకుంటారు, సంచిలో మరొక చీర ఉంచుకుంటారు. శనివారం ఉదయం ఒక గ్లాసు నీళ్ళు తాగి గుడికి వస్తారు. మాల సగం అయ్యాక ఒకసారి లేచి వెళ్ళి వచ్చి, మళ్ళీ అందుకుంటారు. ఈ ఉదయం స్వామి మెడలో మీరు దర్శించిన మాల ఆవిడ కట్టినదే.

మీ ఇంట్లోనూ అటువంటివారు ఎవరైనా తలుపు దగ్గరకు జరుగుతున్నారేమో గమనించండి.